కడెం అడిగిన చెయ్యి

మొన్న ఆదివారం ఆరాధన ముగించుకొని వనపర్తిలో మా ఇంటికి వచ్చి, చాటలో జొన్నలు పోసుకొని రాళ్లు ఏరుతూ కూర్చున్నాను. మా తమ్ముడి కూతురు నా పక్కనే ఫోనులో దరఖాస్తు నింపుతోంది. పోలీసు ఉద్యోగానికి కోచింగు కోసమని ఏడాదిగా నా దగ్గరే ఉంటోంది. డిగ్రీ పాసైంది. పొద్దున్నే మైదానం చుట్టూ పరుగెత్తితే మగపిల్లలు నడుం పట్టుకొని వెనక నిలబడిపోతారు. "ఎస్సైకి గూడ వేసినవా బిడ్డా?" అని అడిగాను. "అది ఇప్పుడొద్దులే అత్తా. అది మనకు యాడ వస్తది? ముందుగాల కానిస్టేబుల్ కొడ్త. పెద్దది మల్ల జూద్దం" అంది, ఫోను మీద నుంచి కళ్లెత్తకుండానే. ఏరిన రాయి నా వేళ్లలోంచి జారి మళ్లీ జొన్నల్లోనే పడింది. ఈ మాట నాకు కొత్తది కాదు. ఇదే గొంతు, ఇదే తేలిక. ఏడేళ్లపాటు ఆ పిల్ల తండ్రి నోట విన్నాను. ఎనిమిదో ఏడు అతను ఆ మాట మానేశాడు, మానేసినందుకు ఒంట్లో నాలుగు చోట్ల ఎముకలు విరిగాయి. ఆ విరగడంలో నా చెయ్యి కూడా ఉంది. దేవుడి ముందు ఎన్నోసార్లు ఒప్పుకున్నదే గనుక మనుషుల ముందు చెప్పుకోవడానికి సిగ్గుపడను.

మేము పుట్టిన ఊరు గద్వాలకూ మల్దకల్‌కూ నడుమ, తారురోడ్డు దిగి లోపలికి పోతే వస్తుంది. నల్లరేగడి తక్కువ, రాళ్లు ఎక్కువ. మల్దకల్ జాతర అయిపోయి జనం ఇంకా ఆ ముచ్చట్లే చెప్పుకుంటూ ఉండగానే మా ఊరి జాతర వస్తుంది. బుడ్డలు, అంటే వేరుశనగ, పీకి కుప్పలు వేసే కాలం. చుట్టుపక్కల మా జాతరకు పేరు దేవుడి వల్ల రాలేదు, కుస్తీల వల్ల వచ్చింది. ఊరి బయట ఒక చెలకను చదును చేసి, ఎర్రమట్టి తోలి, అందులో పసుపూ నూనే కలిపి మోకాలి లోతు తవ్వి, చుట్టూ తాడు కట్టేవారు. అది బరి. అందులో రెండు రకాల కుస్తీలు జరిగేవి. పొద్దున జరిగేది టెంకాయ కుస్తీ. గెలిచినవాడికి దేవుడి ముందు పెట్టిన టెంకాయ ఒకటి ఇస్తారు. పొద్దువాలిన తర్వాత జరిగేది కడెం కుస్తీ. బరి మధ్యలో నాటిన గుంజకు వెండి కడెం వేలాడుతూ ఉంటుంది. నిరుడు గెలిచిన పైల్వాను కుడిచెయ్యి పైకెత్తి బరి చుట్టూ మూడుసార్లు తిరుగుతాడు. ఎవడైనా లోపలికొచ్చి ఎత్తిన ఆ చేతిని పట్టుకుంటే కుస్తీ ఖాయమైనట్టు. ఎవడూ పట్టుకోకపోతే కడెం అతనిదే.

పొద్దున మేము, సాయంత్రం వాళ్లు. మేము అంటే ఊరికి దిగువన ఉన్న వాడవాళ్లం. చెప్పులు కుట్టిన తాతలు, డప్పు కొట్టిన తాతలు, ఆ తర్వాత ప్రభువును నమ్మి బాప్తిస్మం పొందిన మా అమ్మానాన్నలు. మా వాడవాళ్లు ఒకరినొకరు పడగొట్టుకొని టెంకాయ తెచ్చుకోవచ్చు. సాయంత్రం మాత్రం తాడు బయట నిలబడి చూడాలి. ఇది ఎక్కడా రాసి లేదు. రాసి ఉంటే ఎవరో ఒకరు ఏనాడో చింపేసేవారు. మా చిన్నాయన వయసులో ఉండగా ఒక సాయంత్రం ఆ తాడు దాటాడు. చెయ్యి పట్టుకునేదాకా కూడా పోలేదు, దాటాడంతే. బండిగుంజతో మొహం మీద కొట్టారు. ఎడమకన్ను పోయింది. ఆయన దాన్ని నవ్వులాటలోకి తిప్పుకున్నాడు. గద్వాల బస్సు ఎక్కితే కండక్టరుతో "నేను సగమే జూస్తున్న, నాకు సగం టికెటే గొట్టు" అనేవాడు. బస్సంతా నవ్వేది. మా అమ్మ మాత్రం నవ్వేది కాదు.

మా తమ్ముడు గద్వాల మార్కెట్‌లో హమాలీ. బస్తాలు మోసీ మోసీ మెడ భుజాల్లోకి దిగిపోయింది. ఏ అంగీకీ మెడ గుండీ పట్టేది కాదు. సాయంత్రాలు కోటగోడ వెనక సైకిళ్లు బాగుచేసే ఒక ముసలి ఉస్తాదు పెరట్లో కుస్తీ నేర్చుకునేవాడు. ఆ ఉస్తాదు మాటలు తక్కువ, దెబ్బలు ఎక్కువ. తప్పుడు పట్టు పడితే పాత సైకిలు ట్యూబు సాగదీసి వీపు మీద వదిలేవాడు. తట్టు తేలేది. మూలిగితే అదే తట్టు మీద రెండోది. "కింద వడితె ఒక్కటే దెబ్బ. పడ్డంక అబ్బా అంటె ఇంకోటి. హిసాబ్ నువ్వే జూస్కో" అనేవాడు. మట్టిలో పడీ పడీ మా తమ్ముడి చెవులు ఉబ్బి ముద్దలైపోయాయి. ఒక పన్ను సగం విరిగింది. పెళ్లిచూపులప్పుడు పిల్ల తరఫువాళ్లు "చెవులకేమైంది?" అని అడిగితే మా అమ్మ, దేవుడు చూస్తుండగానే, "తేనెటీగలు గుట్టినయి" అని చెప్పింది.

ఏడేళ్లు వరుసగా టెంకాయ కుస్తీలో మా తమ్ముడే గెలిచాడు. ఆ టెంకాయలతో మాకు పెద్ద చిక్కు. విగ్రహానికి అర్పించింది తినకూడదన్నది మా సంఘంలో పట్టింపు. అమ్మ గడప లోపలికి రానిచ్చేది కాదు. ఉస్తాదుకు ఇస్తే, "మా ఇంట్ల గూడ నడువది బేటా" అని దండం పెట్టేవాడు. చివరికి మా తమ్ముడు వాటిని గద్వాల బస్టాండు దగ్గర ఇడ్లీ బండివాడికి ఇచ్చేసేవాడు. జాతర తెల్లారి మా సంఘపెద్దలు జిల్లా కూటాలకు పోతూ ఆ బండి దగ్గరే ఇడ్లీ తిని, చట్నీ బాగుందని రెండోసారి వేయించుకునేవారు. ఈ సంగతి నాకు తెలుసు. ఈ రోజు దాకా ఎవరికీ చెప్పలేదు.

నన్ను ఖిల్లా ఘణపూర్‌లో ఇచ్చారు. పెళ్లైన ఆరేళ్లకే నా భర్త ప్రభువు సన్నిధికి పోయాడు. ఆ తర్వాత సంఘం తరఫున ఊరూరా తిరిగి స్త్రీలకు వాక్యం చెప్పే పని నాకు అప్పగించారు. ఆ ఏడో జాతరనాడు నేను పుట్టింట్లోనే ఉన్నాను. పొద్దున తొమ్మిది కాకముందే మా తమ్ముడు నలుగురిని వెల్లకిలా పడగొట్టాడు. నాలుగోవాడి ముక్కులోంచి రక్తం కారుతుంటే తన రుమాలుతో తుడిచి లేపాడు. అప్పుడు జాతర పెద్ద, ఊళ్లో అందరూ పటేలు అనే మనిషి, కుర్చీలోంచి లేవకుండానే టెంకాయ తీసి విసిరాడు. మా తమ్ముడు మొహం మీది మట్టి తుడుచుకుంటున్నాడు, చూడలేదు. కాయ నుదుటికి తగిలింది. తూలి ఒంటి మోకాలి మీద పడ్డాడు. మైకులో ఎవరో "టెంకాయ గట్టిదా, తలకాయ గట్టిదా?" అన్నారు. జాతరంతా నవ్వింది. మా తమ్ముడు మట్టిలో వెతికి ఆ కాయ తీసుకొని, అలవాటు ప్రకారం పటేలుకు దండం పెట్టాడు.

ఆ మధ్యాహ్నం అన్నాల దగ్గర అడిగాను. "ఇంకెన్నేండ్లు తెస్తవ్‌రా టెంకాయలు?"

"వచ్చేది తెస్త. కడెం సంగతి మల్ల జూద్దంలే అక్కా."

"మల్ల అంటె ఎప్పుడు? పండ్లూడినంకనా?"

"కన్నూడినంక" అన్నాడు చిన్నాయన, నవ్వుతూ, జొన్నరొట్టె తుంచుకుంటూ.

అమ్మ చేతిలోని గరిటె గోడకు తగిలి మోగింది. "నవ్వకు! కారుతున్న నీ కన్నును ఈ కొంగుతోని అదిమిపట్టుకోని గద్వాల దాక బండ్ల గూసున్న. ఇంకొకని కన్ను పట్టుకోనికి నాకు కొంగు లేదు. టెంకాయ చాలు. మనకు టెంకాయ చాలు!"

నేను ఊరుకోలేదు. ఆ నెలంతా నేను స్త్రీలకు చెబుతున్నది వేగులవాళ్ల సంగతి. దేవుడు ఇస్తానన్న దేశాన్ని చూసి రమ్మని పన్నెండుమందిని పంపితే, అందులో పదిమంది తిరిగొచ్చి, అక్కడివాళ్లు ఏనుగులంత మనుషులు, వాళ్ల పక్కన మేము మిడతల్లా ఉన్నాం, వద్దు అన్నారు. ఆ పదిమంది మాట విన్నందుకు ఒక తరమంతా ఎడారిలో రాలిపోయింది. నేను దాన్ని గట్టిగా నమ్మాను, ఇప్పటికీ నమ్ముతాను. చిన్నది అడగడం వినయం కాదు. ఇచ్చేవాడి చెయ్యి చిన్నదని అనడమే అది. అమ్మతో ఇదంతా చెప్పాను. "నువ్వు చెప్పేటోళ్లకు కర్రలు తగిలినయా బిడ్డా?" అని అడిగింది.

మూడోరోజు మా తమ్ముడు నా దగ్గరకొచ్చి కూర్చున్నాడు. నుదుటి మీద బొప్పి ఇంకా దిగలేదు, పచ్చబడింది.

"అక్కా, అడిగితె ఏమైతది?"

"కొడ్తరు."

"గంతేనా?"

"గంతే."

"మార్కెట్ల సేటు గూడ రోజూ తిట్లతోని కొడ్తనే ఉన్నడు గదనే" అని నవ్వి లేచిపోయాడు.

ఉస్తాదు ముందు పిచ్చోడన్నాడు. తర్వాత దుకాణం తలుపు దగ్గరికేసి, మా తమ్ముడి తొడలు, భుజాలు బర్రెను కొనేవాడిలా నొక్కి చూశాడు. "పట్టు ఉన్నది. ధైర్యమున్నది. దమ్ము తక్కువ. ఏడాది టైమియ్యి. తిండి డబల్ తిను. తినకుంటె ఈడికి రాకు" అన్నాడు. ఆ ఏడాది మా తమ్ముడి ఒళ్లు చూస్తే భయం వేసేది. వీపు నిండా ట్యూబు తట్లు, మోచేతుల మీద చర్మం లేచిపోయి ఎర్రమట్టి అంటుకొని ఉండేది. మార్కెట్‌లోని హమాలీలు ఇద్దరిద్దరు అతని మీద కూర్చొని తొక్కేవాళ్లు, వెల్లకిలా తిరగకుండా బోర్లా పడుకొని మెడ నిలబెట్టడం నేర్చుకోవాలని. అమ్మ తిట్టుకుంటూనే తలకాయ కూర వండేది, కాళ్ల చారు కాచేది. గుడ్లు పగలగొట్టి గ్లాసులో పోసి, "తాగు, సావనీకి బలం గావాలె గదా" అని చేతికిచ్చేది.

మా అయ్యగారు, అంటే సంఘకాపరి, మెత్తని మనిషి. మాట్లాడితే ప్రసంగం చదివినట్టే ఉండేది. "మనము సమాధానముగా ఉండుట క్షేమము అమ్మా. ఆ బరిలో వారు పూజ చేయుదురు. మీ తమ్ముడు అక్కడ తల వంచినయెడల నేను అతనిని ప్రభువు బల్ల దగ్గరకు రానియ్యలేను" అన్నారు. ప్రభువు బల్ల అంటే నెల మొదటి ఆదివారం రొట్టె, ద్రాక్షరసం పంచే ఆరాధన. "వంచడు అయ్యగారూ. ఆడ దప్ప ఇంకెక్కడ వంచడు" అని పైకి, మందిరం కప్పుకేసి చూపించాను.

జాతర దగ్గరపడ్డాక మా సంఘం స్త్రీలను పిలిచి మూడురోజుల ఉపవాస ప్రార్థన పెట్టించాను. అయ్యగారు కూడా ఉంటానన్నారు. పెద్ద పనేదైనా మొదలుపెట్టే ముందు మేము అలాగే చేస్తాం. బోరు వేసినా, బిడ్డను పరీక్షకు పంపినా ముందు కడుపు మాడ్చుకుంటాం. మా తమ్ముడికి మాత్రం గట్టిగా చెప్పాను. "నువ్వు తినాలె. నీ బదులు మేముంటం." సరేనన్నాడు. అయితే రెండోరోజు మందిరంలో నేను ప్రార్థన నడిపిస్తూ ఆవేశంలో ఒక మాట అన్నాను. పెద్దది అడగబోయేవాడు నిండు కడుపుతో పోకూడదు, ఖాళీ చేతులతో, ఖాళీ కడుపుతో దేవుని ముందు నిలబడాలి అన్నాను. మాట బాగా వచ్చిందని లోపల్లోపల నాకే ముచ్చటేసింది. స్త్రీలు ఆమేన్ అన్నారు. వెనక వరుసలో, చాపల అంచున మా తమ్ముడు కూర్చొని ఉన్నాడు.

జాతర సాయంత్రం చెలకంతా జనం. గద్వాల నుంచి, ఇటు వనపర్తి నుంచి, కోడేరు నుంచి ట్రాక్టర్ల మీద వచ్చారు. నాలుగేళ్లుగా కడెం గెలుస్తున్న పైల్వాను రాయచూరు వైపు మనిషి, గుండు, తెల్లబడుతున్న మీసం, తలుపు అంత ఛాతీ. చెయ్యెత్తి తిరగడం మొదలుపెట్టాడు. ఒక చుట్టు. రెండో చుట్టు. మూడో చుట్టులో మా ముందుకు రాగానే మా తమ్ముడు తాడు కింద నుంచి దూరి పైకి లేచి ఆ చేతిని పట్టుకున్నాడు.

మైకు కీచుమంది. పటేలు కుర్చీలోంచి లేచాడు. "ఏందిరా? టెంకాయలు పొద్దుగాల్నే అయిపోయినయి. ఇంటికి వో."

"టెంకాయకు రాలే పటేలా. కడేనికొచ్చిన."

మాట పూర్తి కాకముందే వెనక నుంచి ఒక కర్ర అతని వీపు మీద పడింది. ఆ చప్పుడు నాకు ఇంకా వినబడుతుంది, తడిబట్ట బండకు కొట్టినట్టు. చెయ్యి వదలలేదు. రెండో కర్ర మెడ కింద పడింది. మోకాళ్లు వంగాయి, చెయ్యి వదలలేదు. మూడో కర్ర లేచేసరికి ఆ పైల్వాను తన ఎడమచేత్తో దాన్ని గాలిలోనే పట్టి లాగి అవతల పారేశాడు. "బిడ్రి, బిడ్రి! వదలండి!" అన్నాడు, కన్నడం, తెలుగు కలగలిపి. "చెయ్యి వట్టిండంటె ఇగ వీడు నావోడు. కొట్టాల్నంటె నేను కొడ్త." జనంలో ఎవరో నవ్వారు, ఆ నవ్వుతో పటేలు మాట పోయింది. గెలిచిన పైల్వాను ఒప్పుకున్న జోడీని కాదంటే మరుసటి ఏడు నుంచి రాయచూరు వాళ్లెవరూ మా బరిలోకి రారు. మా జాతరకు ఉన్న పేరంతా వాళ్లే. పటేలు కూర్చున్నాడు.

మొదట్లో మా తమ్ముడిదే పైచెయ్యి. తలలు ఢీకొన్న చప్పుడు మైకు లేకుండానే అందరికీ వినబడింది. పైల్వాను కనుబొమ్మ చిట్లింది. మా తమ్ముడు రెండుసార్లు అతని నడుం పట్టి ఎత్తబోయాడు, మూడోసారి భుజం మీదుగా ఎత్తి, చాకలి మూటను దించినట్టు మట్టిలో వేశాడు. పైల్వాను పక్కకు పడ్డాడు కాబట్టి వీపు నేలకు తగలలేదు, తగిలితేనే ఓటమి. మా వాడంతా అరుస్తోంది. చిన్నాయన ఒక్క కంటితో ఏడుస్తున్నాడు. నేను దేవుణ్ణి ప్రార్థించడం లేదు, దేవుడి మీద అరుస్తున్నాను. అప్పుడు మా తమ్ముడి కాళ్లు వణకడం మొదలైంది. నేను భయమనుకున్నాను. నా పక్కన నిలబడిన ఉస్తాదు నా వైపు తిరిగాడు.

"ఏం దినవెట్టిన్రు వీనికి?"

"రొట్టె... గుడ్లు... అమ్మ పెట్టింది."

"జూట్! ఆ కాళ్లు జూడు. ఖాలీ బస్తా లెక్క వంగుతున్నడు. ఏం జేసిన్రు నా పోరన్ని?"

నాకు అప్పుడు అర్థమైంది.

ఆ పైల్వానుకు కూడా అర్థమై ఉండాలి. ఇక తొందరపడలేదు. మా తమ్ముణ్ణి బోర్లా పడేసి, మెడ మీద మోచెయ్యి పెట్టి మట్టిలోకి తొక్కాడు. తిరగమన్నట్టు వేళ్లు వెనక్కి విరిచాడు. ఒక వేలు టప్పుమని విరిగింది. తిరగలేదు. ముక్కులోకి, నోట్లోకి మట్టి పోతోంది, రక్తంతో కలిసి ముద్దలుగా ఉమ్ముతున్నాడు. బల్లిలా నేలను పట్టుకొని ఉన్నాడు. గ్రంథంలోని మన పితరుల్లో ఒకాయన తెల్లవార్లూ దేవదూతతో పెనుగులాడి తొడ తొలగినా వదలని సంగతి నేను ఎందరు పిల్లలకు చెప్పానో. చెప్పేటప్పుడు అది తియ్యగా ఉండేది. కళ్లముందు చూస్తే, ఇక చాలు తండ్రీ, తిప్పేయనియ్యి అని వేడుకున్నాను. చివరికి తిరిగాడు. వీపు నేలకు తగిలింది. రెండు భుజాలూ తగిలాయి. అబద్ధం చెప్పను. ధర్మంగానే ఓడిపోయాడు.

పైల్వాను అతన్ని లేపడానికి చెయ్యి చాపాడు. అంతలో కర్రలు మళ్లీ వచ్చాయి. ఈసారి పదో పన్నెండో. పైల్వానును పక్కకు నెట్టేశారు. పడి ఉన్నవాడి కుడిభుజం మీద, పైల్వాను చేతిని పట్టుకున్న ఆ చేతి మీదే, ఏరి ఏరి కొట్టారు. "ఎత్తు ఇప్పుడు! ఎత్తురా చెయ్యి!" అని అరుస్తూ కొట్టారు. అమ్మ తాడు ఎప్పుడు దాటిందో నేను చూడలేదు. కొడుకు మీద బోర్లా పడుకుంది. ఆమె తల చీలి నెత్తురు అతని మెడ మీదికి కారింది. మావాళ్లు రాళ్లు అందుకున్నారు. అటువాళ్లకు రాళ్లు దొరక్క, పూజ దగ్గర రాశిపోసిన టెంకాయలు అందుకొని విసిరారు. అవి మా తలల మీద, ఛాతీల మీద పగిలి నీళ్లు చిందాయి. నా భుజాన సంచి ఉంది. అందులో నేను రోజూ చదివే గట్టి అట్ట గ్రంథం ఉంది. అమ్మ మీదికి కర్ర ఎత్తినవాడి మొహం మీద ఆ సంచితో తిప్పి కొట్టాను. రెండు పళ్లు ఊడాయని తర్వాత విన్నాను. అందుకు పశ్చాత్తాపపడమని అయ్యగారు చెప్తే పడ్డాను. ప్రార్థనలో పడ్డాను, మనసులో ఇంకా పడలేదు.

గద్వాల దవాఖానలో అమ్మ తలకు కుట్లు వేశారు. తమ్ముడి భుజం ఎముక మూడు ముక్కలైంది. కట్టినా చెయ్యి ఛాతీ దాటి పైకి లేవదని డాక్టరు చెప్పాడు. బస్తా మోసే పని అక్కడితో ఆగిపోయింది. మెలకువ రాగానే అతను అన్న మొదటి మాట "అక్కా, ఆకలైతుంది" అని. ఇడ్లీ తినిపించాను. ఎడమచేత్తో గిన్నె పట్టుకొని లాక్కున్నాడు.

"ఎన్ని రోజులాయె తినక?"

"మూడు. మీరందరు నా కోసం మాడుతుంటె నేనెట్ల మింగుతనే? పెద్దమ్మ డెబ్బై ఏండ్ల ముసల్ది, నీల్లు గూడ తాగలే. అమ్మ పెట్టింది ఎనుకకు వోయి కుక్కకు వెట్టిన." కాసేపు నమిలి, "ఆ కుక్కనే కుస్తీకి దోలితె గెల్చేదేమో" అన్నాడు.

నేను ఏడ్చాను. అన్నది నేనేనని, ఖాళీ కడుపు మాట నాదేనని, చెయ్యి పోవడానికి కారణం నేనేనని చెప్పాను. అతను చిరాకుపడ్డాడు. "నీ మాట మంచిగనే ఉండెగదనే. నేనే కుస్తీకి, పరీక్షకు ఫరక్ తెల్వక వట్టుకున్న" అని, కట్టుకట్టిన భుజం చూసుకున్నాడు. "ఏడేండ్లు టెంకాయ అడిగిన. ఒక్కడన్న కర్ర వట్టిండా? కడెం అడిగిన, ఊరంత లేసింది. అంటె నాకు ఇయ్యొచ్చనే గదా వాళ్లకు పరేషాన్."

మరుసటి రోజు అయ్యగారు వచ్చారు. బల్ల దగ్గరకు రానియ్యనని చెప్పడానికి వచ్చారేమోనని గుండె గట్టిచేసుకున్నాను. ఆయన మంచం పక్కన కూర్చున్నారు. తల దించుకొని, "మొదటి దినమే నాకు కళ్లు తిరిగి భోజనము చేసితిని అమ్మా. ఉండవలసిన నేను ఉండలేదు. తినవలసినవాడు తినలేదు" అన్నారు. మా తమ్ముడికి నవ్వొచ్చింది. నవ్వితే పక్కటెముకలు నొప్పిపెట్టి కేక పెట్టాడు. ఆ తర్వాత నెల మొదటి ఆదివారం అయ్యగారే రొట్టె విరిచి అతని ఎడమచేతిలో పెట్టారు.

మరుసటి ఏడు జాతర పొద్దున మైకులో పిలుపు మొదలైంది. టెంకాయ కుస్తీకి వాడవాళ్లు రావాలి, రావాలి అని. ఎవరూ పోలేదు. ఎవరూ ఎవరికీ చెప్పుకోలేదు కూడా. ఎవరి గడపలో వాళ్లు కూర్చొని ఉన్నారు. పిలుపు పది దాకా సాగింది, తర్వాత మైకులో పాటలు వేశారు. ఖాళీ బరి ఎండలో ఎండి పగుళ్లు తేలింది. సాయంత్రం నలుగురు తాడు దగ్గరకు వచ్చి నిలబడ్డారు, అందులో ఇద్దరు మా తమ్ముడు నేర్పినవాళ్లే. అతను పని లేక గద్వాలలో ఉస్తాదు పెరట్లోనే కూర్చొని, ట్యూబు ఎడమచేత్తో పట్టడం నేర్చుకున్నాడు. తాడు పక్కన నిలబడి ఒక్కొక్కణ్ణీ అడుగుతున్నాడు. "తిన్నవా? ఏం దిన్నవ్? నోరు జూపియ్యి." కర్రలు పట్టుకున్నవాళ్లు ఆ ఏడు కూడా ఉన్నారు. నిరుటి గొడవ వల్ల పోలీసులూ ఉన్నారు, ఆ పైల్వానూ ఉన్నాడు. అన్నిటికంటే ఎక్కువగా ఈసారి నలుగురు ఉన్నారు. మొదటివాడు లోపలికి దూరి ఎత్తిన చేతిని అందుకున్నప్పుడు కర్రలు కిందనే ఉండిపోయాయి. వాడు ఓడిపోయాడు. లేచి మట్టి దులుపుకొని, తన కాళ్ల మీద తాను బయటికి నడిచొచ్చాడు. ఆ సాయంత్రం నుంచి మా ఊళ్లో పొద్దుటి కుస్తీ లేదు. కుస్తీలన్నీ పొద్దువాలిన తర్వాతే. కడెం మా వాడకు ఇప్పటిదాకా రెండుసార్లు వచ్చింది. మా తమ్ముడి చేతికి మాత్రం రాలేదు.

ఆ ఏడు ఇచ్చినదానికీ తీసుకున్నదానికీ తూకం వెయ్యమని నన్ను ఎవరైనా అడిగితే నాకు చేతకాదు. నా ముందు అన్నం ముద్ద నోట పెట్టుకోవడానికి ఆ చెయ్యి లేవక తమ్ముడు మెడ వంచుతాడు, అప్పుడు నా మాట నాకు గుచ్చుకుంటుంది. అయినా ఒక సంగతి గమనించాను. మేము భద్రంగా గడిపిన ఆ ఏడేళ్లను విడివిడిగా గుర్తుతెచ్చుకుందామంటే సాధ్యం కాదు. ఏ ఏడు ఎవరు పడ్డారు, ఏ ఏడు వాన కురిసింది, అన్నీ కలిసి ఒకటే పొద్దుగా మారిపోయాయి. దెబ్బలు తిన్న ఆ ఒక్క ఏడు మాత్రం దాని మట్టి వాసనతో, దాని నెత్తురుతో విడిగా నిలబడి ఉంది. మనిషికి దేవుడిచ్చే ఏళ్లు ఎన్నైనా, గట్టిగా అడిగిన ఏళ్లే చివరికి మన లెక్కలో మిగులుతాయేమో. మిగతావన్నీ గడిచిపోవు, అసలు రానే రావు. మొన్న చాట పక్కన పెట్టి, మా తమ్ముడి కూతురితో "ఎస్సైది గూడ నింపు బిడ్డా, ముందుగాల అన్నం తిను" అన్నాను.